ఇప్పలగుంపు దారికి ఒక చిన్న పంపు

ప్రియమైన అన్నయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు. ఆయన దయవల్ల ఈ పూట దాకా నేను క్షేమంగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ కూడా బాగున్నారనే ధైర్యంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను ఇచ్చి వచ్చిన నూనె రాసుకుంటున్నదా, లేక అయిపోతే మళ్ళీ ఎవరు తెస్తారని అలమరలో దాచిందా? వదినను దగ్గరుండి రాయమను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మన సైకిలు కొట్టు రేకుల కింద మధ్యాహ్నం పూట నువ్వు ఎలా కూర్చుంటున్నావో అని దిగులుగా ఉంటుంది. తలకు తడి తువ్వాలు చుట్టుకో. నవ్వకు, నిజంగానే చుట్టుకో.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఖమ్మంలో డాక్టరమ్మ గారి నర్సింగ్ హోములో ఖాళీ ఉందనీ, పాస్టరు గారు నా గురించి మాట్లాడి పెట్టారనీ, ఒకటో తారీఖు కల్లా చేరకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటారనీ రాశావు. నాలుగుసార్లు చదివాను. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ లేచాను. ఫోను చేద్దామంటే ఇక్కడ సిగ్నలు లేదు. సారపాక వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడితే వెనక నలుగురు నిలబడి వింటారు. పైగా ఫోనులో అమ్మ ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే నేనూ ఏడుస్తాను, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే ఈ ఆదివారం చర్చి నుంచి రాగానే కాగితం ముందేసుకున్నాను.

నా తిండి గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు వండుకుంటున్నాను. చింతచిగురు బాగా దొరుకుతున్నది, ఎండు చేపలు సంతలో కొని డబ్బాలో పోసుకున్నాను. సబ్‌సెంటరు పక్కనే కిరాయి గది, తలుపుకు గడియ గట్టిదే. నీళ్ళకు బోరింగు దగ్గరే. ఒంట్లో బాగానే ఉంది. సాయంత్రాలే కొంచెం తోచదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటారు. నన్ను చూసే నవ్వుతున్నారని నాకు అనుమానం. వచ్చిన కొత్తలో ఆ అనుమానంతోనే బిందె సగం నిండగానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఇప్పుడు నిండేదాకా నిలబడుతున్నాను. అంతవరకు పురోగతి.

పని సంగతి నీకు తెలిసిందే. బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున్నే పెద్ద దవాఖానాకు వెళ్ళి టీకాలు ఐసు డబ్బాలో పెట్టించుకుని, ఆ డబ్బా సైకిలు క్యారియరుకు కట్టుకుని, ఆ రోజు వంతు వచ్చిన గూడేనికి పోవాలి. బస్సు తారు రోడ్డు దాకానే. అక్కడి నుంచి లోపలికి అడవి బాటే. అన్నిటికన్నా దూరం ఇప్పలగుంపు, దవాఖానా నుంచి పదకొండు కిలోమీటర్లు. మధ్యలో పోలీసుల చెక్‌పోస్టు, ఒక వాగు, మిగిలినదంతా చెట్లు, ముళ్ళు. నువ్వు బిగించి ఇచ్చిన సైకిలు మాత్రం బంగారం అన్నయ్యా. మూడు నెలల్లో చైను ఒక్కసారి కూడా జారలేదు.

ఇక్కడి నుంచి రాసేది అమ్మకు చదివి వినిపించకు. ఎలాగూ పక్కనే కూర్చుని "ఇంకేం రాసింది, ఇంకేం రాసింది" అని అడుగుతుంది. ఎండల గురించీ చింతచిగురు గురించీ ఇంకోసారి చదువు, సరిపోతుంది.

నేను బయలుదేరే ముందు రోజు నువ్వు నాకు కట్టి ఇచ్చిన సామాను సంచి గుర్తుందా? టైరు విప్పే లివర్లు రెండు, ప్యాచ్ ముక్కలు, సొల్యూషన్ డబ్బా, గరుకు కాగితం, వాల్‌కు వేసే రబ్బరు గొట్టం మూరెడు, ఏడు రకాల నట్లు, ఒక స్పానరు. వదిన కూడా చూసి "పుట్టింటి సారె అంటే గిదే" అని నవ్వింది. నువ్వు ఒక్కొక్కటీ తీసి చూపించి, ఎలా వాడాలో నాకు తెలిసినా మళ్ళీ చెప్పావు. ఆ సంచిలో ఏం లేదో నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు, పక్కనే కూర్చుని చూస్తున్న అమ్మకూ తట్టలేదు.

ఇప్పపువ్వు ఏరే రోజుల్లో ఒక బుధవారం నాకు ఇప్పలగుంపు వంతు. ఆ గూడెం వాళ్ళు టీకాలంటే ముఖం తిప్పుకుంటారు. రెండేళ్ళ కిందట ఎవరి పిల్లకో సూది వేశాక రెండు రోజులు జ్వరం వచ్చిందట, అప్పటినుంచి నర్సు వస్తే పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి వెళ్ళిపోతారు. నేను మూడుసార్లు ఊరికే వెళ్ళి, వాళ్ళతో కూర్చుని, జ్వరం ఎందుకు వస్తుందో చెప్పి, ముత్తమ్మ అనే పెద్దావిడ చేతి అంబలి తాగి, ఎలాగో ఒప్పించాను. ఆమె మాట అంటే గూడెంలో అందరికీ గురి. "సరే, ఆ పొద్దు పువ్వుకు పోకుండ కూసోబెడత. నువ్వు ఎండ రాకముందే రావాలె" అంది. తెల్లవారకముందు నుంచి పువ్వు ఏరుకునే మనుషులు ఒక పొద్దు మానుకోవడం అంటే చిన్న విషయం కాదు.

నా సంగతి నీకు తెలుసు కదా, తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషిని. ఆ పొద్దు రెండు టైర్లూ బొటనవేలితో నాలుగేసిసార్లు నొక్కి చూసుకుని బయలుదేరాను. వాగు దాటి కొంచెం దూరం పోయానో లేదో వెనక చక్రం మెత్తబడింది. దిగి చూస్తే తుమ్మముల్లు, టైరులోనే దిగి ఉంది. చిత్రం ఏమిటంటే నాకు భయం వేయలేదు. గర్వం వేసింది. సైకిల్ షాపు వాళ్ళ పిల్లనని. డబ్బా నీడలో పెట్టి, సైకిలు తిరగేసి, టైరు ఒక పక్క విప్పి, ట్యూబు లాగాను. ముల్లు ఉన్న చోటే రంధ్రం కాబట్టి వెతికే పని కూడా లేదు. గీకి, సొల్యూషన్ రాసి, నువ్వు చెప్పినట్టే తడి ఆరేదాకా నూరు లెక్కపెట్టి, ప్యాచ్ వేసి అరచేత్తో నొక్కాను. అంత నున్నగా నువ్వు కూడా వేయలేవు. టైరు ఎక్కించి, సైకిలు నిలబెట్టి, గాలి కొడదామని అటూ ఇటూ చూశాను.

అప్పుడు తెలిసింది. మన కొట్టు ముందు స్తంభానికి గొలుసేసి కట్టిన పంపు నేను పుట్టక ముందు నుంచీ ఉంది. ఎవరు వచ్చినా గాలి కొట్టుకుని పోతారు. నాన్న ఉన్నప్పుడూ, ఇప్పుడూ గాలికి ఎవరినీ కాదన్నది లేదు. గాలి అన్నది ఎక్కడైనా ఉంటుందనే మన ఇంట్లో అందరికీ నమ్మకం. ఆ అడవిలో నాకు చెట్ల నిండా గాలే, టైరులో వేసుకునే దారి లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు అయింది నా సంచి. వాల్ విప్పి నోటితో కూడా ఊదాను అన్నయ్యా, ఎవరితోనూ అనకు. పెదవులు మండడం తప్ప ఏమీ జరగలేదు.

అక్కడి నుంచి సైకిలు నెట్టుకుంటూ నడిచాను. గాలి లేని టైరు మీద ఎక్కితే రిమ్ము పోతుందని నువ్వు చిన్నప్పుడు నా నెత్తిన మొట్టిన సంగతి గుర్తుంది కాబట్టి ఎక్కలేదు. గూడెం చేరేసరికి పది దాటింది. ముత్తమ్మ ఒక్కతే అరుగు మీద ఉంది, ఒళ్ళో మనవరాలు. నన్ను చూసి లేవలేదు.

"పొద్దుగాలనే వస్తనంటివి. పువ్వుకు పోకుండ అందర్ని కూసోబెడితి. ఎండ నెత్తిమీదికొచ్చింది, లేసి పోయిన్రు. నా మాట ఏం గావాలె?" అంది.

"టైరు పంచరయింది పెద్దమ్మా, నడిచి వచ్చిన" అన్నాను.

"పాత సిస్టరు గూడ గిట్లనే. రేపొస్త, ఎల్లుండొస్త అనుకుంట పాయె. మల్ల రాలె." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

డబ్బా మూత తీయకుండానే తిరిగి వచ్చాను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

మరుసటి ఆదివారం చర్చి అయిపోగానే సారపాకలో పాషా భాయ్ సైకిల్ షాపుకు వెళ్ళాను. ఆయన పెద్దమనిషి, నువ్వు చూస్తే నీకు నచ్చుతాడు, సామాను ఎక్కడిదక్కడ మేకులకు వేలాడదీసి ఉంటుంది. సైకిలు మీద తీసుకుపోయే పంపు కావాలన్నాను. మూడు రకాలు ముందు పెట్టాడు. కాలితో తొక్కేది చూడగానే నాకు ఇష్టమయింది, కూర్చునే పని లేదు, వంగే పని లేదు. కానీ దాని మూతి మోటారు సైకిళ్ళ వాల్‌కు. "నీ సైకిలుకు పట్టదమ్మా. నడిమిట్ల ఇంకో ముక్క పెట్టాలె, గా ముక్క అడవిల యాడనో పడితే మల్ల నడుసుడే" అన్నాడు. రెండోది మూరెడు కూడా లేని చిన్న చేతి పంపు, సైకిలు గొట్టానికి క్లిప్పులతో బిగించుకునేది. "గిది షోకు పంపు. పోరగాల్లు పెట్టుకుంటరు. నువ్వు కొడితే చెయ్యి పోతది గాని టైరు నిండది" అన్నాడు. మూడోది మన కొట్టు ముందు ఉండేలాంటి ఇనప నిలువు పంపు, చెక్క పిడి. "తీస్కపో. ఇరవై దెబ్బలకు టైరు రాయి లెక్క అయితది."

నాకు కావలసింది త్వరగా నిండడమే కదా. ఆలస్యం ఒక్కటే నా భయం. నిలువు పంపు తీసుకున్నాను. అది నాన్న పంపులాగే ఉండడం కూడా ఒక కారణం, ఒప్పుకుంటాను. క్యారియరు పక్కన నిలువునా పెట్టి తాళ్ళతో కట్టాను. కానీ దానికి ఒళ్ళంతా గ్రీజు. నాది తెల్ల యూనిఫారం చీర. మరక పడితే పెద్ద దవాఖానాలో మేడం ఊరుకోదు. అందుకని ఒక పాత నల్ల చీర చింపి పంపుకు పైనుంచి కింద దాకా చక్కగా చుట్టి, దారంతో నాలుగు చోట్ల బిగించాను. నా పనితనానికి నేనే మెచ్చుకున్నాను.

ముత్తమ్మ కాళ్ళావేళ్ళా పడి ఇంకో బుధవారం అడిగాను. ఈలోపు బీడీలకు వాడే తునికాకు కోత మొదలయింది. అది ఇంకా కష్టం, పొద్దున కోసి మధ్యాహ్నానికల్లా కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. వాగు కింది గూడెంలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసిందని తెలిసి ఈసారి ఆమె సరే అంది. నాకూ అదే భయం. ఇప్పలగుంపులో ఆ టీకా వయసు వచ్చిన పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కరికీ తట్టు టీకా పడలేదు. ఒక ఇంట్లో మొదలైతే అన్ని ఇళ్ళకూ పోతుంది. తట్టు వెనకాలే వచ్చే దగ్గును పసివాళ్ళు తట్టుకోలేరు.

మొన్న బుధవారం చీకటి విడుస్తుండగానే బయలుదేరాను. చెక్‌పోస్టు దగ్గర రోజూ నన్ను చూసే వాళ్ళు కాకుండా ఆ రోజు కొత్త వాళ్ళున్నారు. ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. అతని చూపు నా మీద లేదు, ఐసు డబ్బా మీద లేదు. ఆ నల్లచీర చుట్టిన పొడుగాటి దాని మీద ఉంది. అప్పటిదాకా నాకు అది ఎలా కనిపిస్తుందో తట్టనే లేదు అన్నయ్యా. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుని పోయినట్టు, ఆ దారిలో, ఈ రోజుల్లో, నేను తుపాకీలాంటి ఆకారం కట్టుకుని పోతున్నాను.

"దిగు. దూరం నిలవడు. ఏందది?"

"సైకిలు పంపు సార్."

"పంపైతే చీరెందుకు కట్టినవ్?"

దానికి నా దగ్గర ఉన్న జవాబు నిజమైనదే. కానీ చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. "గ్రీజు అంటుతది సార్, యూనిఫారం" అన్నాను. నలుగురు చేరారు. నన్నే విప్పమన్నారు. నేను వేసిన ముడులు నాకే రాలేదు, చివరికి పళ్ళతో లాగాను. విప్పాక పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "కొట్టి చూపియ్యి" అన్నాడు. నిండుగా ఉన్న టైరుకే పంపు తగిలించి, తెల్ల చీరతో, అంతమంది ముందు గాలి కొట్టాను. పది కొట్టాక "సాలు సాలు, టైరు పగుల్తది" అన్నాడు, కొంచెం నవ్వుతూనే. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకూ ప్రాణాలే కదా. ఎవరినో అడిగి వచ్చి, నా కార్డు రాసుకుని, ఐసు డబ్బా తెరిపించి చూసి, పంపు మాత్రం అక్కడే పెట్టి సాయంత్రం తీసుకుపొమ్మన్నారు. గంటకు పైగా పోయింది.

అక్కడి నుంచి గూడెం దాకా నేను తొక్కిన తొక్కుడు దేవుడికే తెలియాలి. పంపు లేదు. ప్రతి ముల్లూ నా టైరు కోసమే పుట్టినట్టు కనిపించింది. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా, గాలి" అనే రెండు మాటలు తప్ప ఏమీ రాలేదు. రిమ్ముకు రాయి తగిలిన చప్పుడు వచ్చినప్పుడల్లా దిగి వేలితో నొక్కి మళ్ళీ ఎక్కాను. ఆ దిగడంలోనే ఇంకో పావుగంట పోయి ఉంటుంది.

తొమ్మిది మంది తల్లులు ఉన్నారు అన్నయ్యా. ఐదుగురు వెళ్ళిపోయారు. ముత్తమ్మ గుడిసె ముందు దారికి అడ్డంగా కూర్చుని ఆ తొమ్మిది మందినీ ఆపింది. నేను వెంటనే డబ్బా తెరిచాను. తొమ్మిది మంది పిల్లలకూ సూదులు వేశాను. పిల్లలు ఏడుస్తుంటే నాకు సంతోషంతో కళ్ళ నీళ్ళు వచ్చాయి, చూసేవాళ్ళు నన్ను పిచ్చిది అనుకుని ఉంటారు.

చివర్లో ముత్తమ్మ తన మనవరాలిని ముందుకు అందించింది. ఆ పిల్లకు ఎనిమిది నెలలు దాటి పది రోజులే. తట్టు టీకాకు తొమ్మిది నెలలు నిండాలి. చెప్పాను. ఆమె ముఖం చూడలేకపోయాను. అందరినీ కూర్చోబెట్టింది ఆమె, ఆమె పిల్లకే సూది లేదు. ఎందుకు ఆలస్యమయిందో కూడా అప్పుడే చెప్పాను, పంపు అక్కడే పెట్టమన్నారని. ఆమె గొంతు తగ్గించింది.

"నీ సామాను ఆడ బెట్టకు బిడ్డా. నీకేం దెల్వది. నువ్వు మంచిగనే బెట్టినవ్, సూసెటోల్లకు గట్ల కనవడదు. రేపు అడవిలకెళ్ళి అన్నలెవరన్న వచ్చి, ఆ సిస్టరు సామాను ఆడెందుకుంది, పోలీసోల్లతోని ఏం మాట్లాడ్తది అనడుగుతె, మేం ఏం జెప్పాలె?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అని చదువుకున్నాం కానీ, ఒక సైకిలు పంపు కోసం అందులో పడతానని అనుకోలేదు. సాయంత్రం వెళ్ళేసరికి ఆ పంపుతో ఒక కానిస్టేబులు తన సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు. "మంచి పంపమ్మా, ఈడనే ఉంచరాదు, నీకు అవసరమున్నప్పుడు కొట్టుకుందువు" అన్నాడు. పాపం మంచిగానే అడిగాడు. నేను ఏదో గొణిగి, పంపు తీసుకుని, చీర చుట్టకుండా, గ్రీజు మరకలతో ఇంటికి వచ్చాను. ఇప్పుడది మంచం కింద ఉంది. ఇక తీయను.

ఈ పొద్దు చర్చి నుంచి వస్తూ మళ్ళీ పాషా భాయ్ దగ్గరికి వెళ్ళి ఆ చిన్న పంపు కొట్టి చూస్తానన్నాను. షాపు ముందే కూర్చుని కొట్టాను. నూట ఎనభై దాకా లెక్కపెట్టాను. చూసేవాళ్ళు చేరారు, నాకిప్పుడు అది అలవాటయింది. టైరు నిండలేదు, కానీ తప్పు నా చేతిది కాదు. దాని రబ్బరు గొట్టం ఎండకు పగిలి సగం గాలి పక్క నుంచే పోతున్నది. ఉన్నది ఆ ఒక్కటే, అదీ నల్లరంగు. పాషా భాయ్ కూడా చెవి పెట్టి విని, "అవ్, లీకున్నది. మంచిది గావాలంటె ఖమ్మంల జూపిచ్చుకో" అన్నాడు.

అందుకని నిన్ను అడుగుతున్నాను. ఖమ్మం వెళ్ళి నువ్వే చూసి ఒక చిన్న పంపు తీసుకో. మూరెడు కన్నా పొడవు వద్దు. నలుపు వద్దు, తెల్లగా మెరిసే అల్యూమినియందైనా, ఎర్రదో పచ్చదో అయినా సరే, దూరం నుంచి చూసినవాడికి సైకిలు సామానే అని తెలియాలి. సైకిలు గొట్టానికి బయటకు కనిపించేలా బిగించుకునే క్లిప్పులు ఉండాలి, ఇక నేను దేన్నీ చుట్టను, దాచను. గొట్టం చివర మన సైకిలు వాల్‌కు మర తిరిగేలా ఉండాలి, ఒత్తి పట్టుకునేది అయితే నా చెయ్యి జారితే ఊడిపోతుంది. లోపలి తోలు వాసరు ఇంకొకటి, రబ్బరు గొట్టం ఇంకొకటి వేరుగా తీసుకో. కొనేముందు కొట్టి చూడు. నీ చేత్తో కాదు, నీ చేతులు పుట్టుకతోనే సైకిలు చేతులు. వదినను వెంట తీసుకుపో, ఆమె చేత కొట్టించు. ఎన్ని దెబ్బలకు టైరు నిండిందో లెక్కపెట్టి ఒక చీటీ మీద రాసి పెట్టు. మూడు వందలైనా నాకు ఫరవాలేదు. నిండుతుందని తెలిస్తే చాలు, కొడుతూ ఉంటాను. భద్రాచలం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి సారపాకలో పాషా భాయ్ షాపులో దించమను, నేను ఆయనకు చెప్పి వచ్చాను.

ఇంత దూరం చదివాక నీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా రాస్తాను, నువ్వు అర్థం కానట్టు నటిస్తావు కాబట్టి. ఖమ్మం నర్సింగ్ హోముకు నేను రావడం లేదు. డాక్టరమ్మ గారికి నా నమస్కారాలు చెప్పి, వేరే అమ్మాయిని పెట్టుకోమను. పాస్టరు గారికి నేను వేరుగా రాస్తాను.

ధైర్యం ఎక్కువై కాదు అన్నయ్యా. నాకు ఎంత భయమో నీకు తెలుసు. చెక్‌పోస్టు అంటే భయం, వాగు అంటే భయం, అడవిలో ఆకు కదిలితే భయం. ముత్తమ్మ మనవరాలికి సూది వేసే ఆ ఒక్క బుధవారం చూసుకుని వచ్చేయొచ్చు కదా అంటావు, నేనూ అనుకున్నాను. ఒకటో తారీఖు దాటినా బతిమాలితే ఆగుతారేమో అని కూడా లెక్క వేశాను. కానీ ఆ ఐదుగురు పిల్లలు ఇంకా మిగిలే ఉన్నారు. వాన పడితే మలేరియా. ఆ తర్వాత ఇంకో పిల్ల పుడుతుంది. నేను ఎప్పుడు వచ్చేసినా నా వెనక ముత్తమ్మ ఎవరో కొత్త అమ్మాయితో అంటుంది, పాత సిస్టరు కూడా వస్తానని పోయింది, మళ్ళీ రాలేదని. ఆ మాట నా గురించి అనిపించుకోలేను. ఈ ఒక్కటి అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పాలి. వదిన పక్కన ఉన్నప్పుడు చెప్పు.

వచ్చేటప్పుడు ముత్తమ్మ నన్ను ఆపి రెండు నార తాళ్ళు తీసింది. ఆ ఇంట్లో క్యాలెండరు లేదు. ఎప్పుడొస్తావని అడిగింది, మూడు వారాలకు బుధవారం అన్నాను, అప్పటికి ఆ పిల్లకు నెలలు నిండుతాయి. రోజులు వేళ్ళ మీద చెప్పించుకుని, రెండు తాళ్ళకూ ఇరవై ఒక్కటేసి ముడులు వేసింది. ఒకటి తన దూలానికి కట్టుకుంది, ఒకటి నాకు ఇచ్చింది. "పొద్దుకొక్కటి ఇప్పు. నేనూ ఇప్పుత" అంది.

అమ్మకు ముద్దులు, వదినకు వందనాలు. నాన్న స్నేహితులు కొట్టుకు వస్తే అందరికీ నన్ను దీవించమని చెప్పు. సాయంత్రం ప్రార్థనలో అమ్మ నా పేరు ఎత్తినప్పుడు, వెంటనే ఇంకో పేరు కూడా ఎత్తమను. ఆ పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. ఇప్పలగుంపు పాప అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.

నిన్న ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు నా తాడుకు పదిహేడు ముడులు ఉన్నాయి. ముగించేసరికి ఈ సోమవారం పొద్దున పదహారు. జల్దీ చెయ్యి అన్నయ్యా.

మీ దీవెనలు కోరే,
నీ చెల్లెలు
రూతు